ఏ కంపెనీది మంచిదో చెప్పే మనిషి

బరంపురం చుట్టుపక్కల పిస్తోలు కొనాలనుకున్నవాడు ముందు ఛత్రపురం కలెక్టరాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతాడు. ఎంక్వయిరీకి వచ్చిన ప్రతివాడికీ కుర్చీ వేసి టీ ఇస్తాడు. ప్రాణభయం ఉందని అర్జీలో రాస్తాడు. చాలామందికి ఉన్న భయమల్లా పక్కకొట్టువాడు తనకంటే ముందు కొనేస్తాడేమోనని. లైసెన్సు చేతికొచ్చాక బడాబజారు వెనక సందులో వెంకటరమణమూర్తి గారి తుపాకుల కొట్టుకు వస్తాడు. వచ్చి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆసామిని కాదు, బల్ల వెనక నిలబడ్డ మనిషిని అడుగుతాడు.

"విశ్వనాథం గారూ, ఏది తీసుకోమంటారు?"

ఆ మనిషి కాశీవిశ్వనాథం. యాభై దాటాయి. తండ్రి సోంపేట వైపు నుంచి రైల్వే గ్యాంగులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొడుకు ఐటీఐలో ఫిట్టరు చదివి, రైల్వే నుంచి పిలుపొచ్చేదాకా తాత్కాలికంగా ఈ కొట్టులో చేరాడు. ఆ తాత్కాలికం ఇంకా నడుస్తూనే ఉంది. ఇన్నేళ్లలో అతని పేరున ఒక ఎయిర్‌గన్ కూడా లేదు. వంటింట్లోకి పిల్లి దూరితే చీపురే విసురుతాడు.

జీతం పెద్దది కాదు. మోకాళ్లు నొప్పి. పొద్దున్నే షట్టరు ఎత్తేటప్పుడు ఒకసారి, సాయంత్రం దించేటప్పుడు ఒకసారి నడుం పట్టుకుని నిలబడతాడు. కానీ దిగపహండి నుంచో పొలసర నుంచో మడతనలగని చొక్కా వేసుకున్న ఆసామి వచ్చి "ఏది తీసుకోమంటారు" అని అడిగినప్పుడు మాత్రం నడుం నిటారుగా ఉంటుంది. లోకంలో అతనికంటూ ఉన్న ఆస్తి ఆ ప్రశ్న ఒక్కటే.

మన దేశంలో మామూలు మనిషి కొనుక్కోగలిగిన పిస్తోలు ముప్పైరెండు బోరుది. ఒకప్పుడు ఎంచుకోవడానికి ఏమీ ఉండేది కాదు. సర్కారు ఫ్యాక్టరీది ఒకటి. అది వద్దంటే, దిగుమతులు ఆగిపోకముందు ఎప్పుడో ఓడ దిగి, చేతులు మారి మారి అరిగిపోయిన సీమ పిస్తోలు. సీమదానికి పెట్టే ధర దాని ఉక్కుకి కాదు, దాని పక్కన చెక్కి ఉన్న ఇంగ్లీషు అక్షరాలకి. స్ప్రింగు చచ్చిపోయిన సీమ పిస్తోలుకి పొలం అమ్మిన వాళ్లను విశ్వనాథం చూశాడు. వద్దని చెప్పాడు కూడా. అలాంటివాళ్లు అడగడానికి వస్తారు గాని వినడానికి రారు.

తర్వాత ప్రైవేటు కంపెనీలకు అనుమతులొచ్చాయి. కొత్త పేర్లు, కొత్త పెట్టెలు, పెట్టెలో నల్లటి స్పాంజి. ఆ కంపెనీల్లో ఒకటి త్రినేత్ర. దాని ఏజెంటు నమూనాగా రెండు పిస్తోళ్లు కొట్టులో వదిలి వెళ్తే మూర్తిగారు మొహం తిప్పుకున్నారు.

"సర్కారుదంటే సర్కారుదే. నిన్నగాక మొన్న పుట్టినోడి సరుకు మనకెందుకయ్యా?"

విశ్వనాథం మాత్రం మధ్యాహ్నం బేరాల్లేని వేళ బల్ల మీద పాతగుడ్డ పరిచి, రెండు సర్కారు పిస్తోళ్లూ, రెండు త్రినేత్రలూ పక్కపక్కన విప్పాడు. ఫిట్టరు బుద్ధి కదా. ఒక సర్కారుదాని తూటాలు నింపే మ్యాగజైన్ తీసి ఇంకో సర్కారుదానిలో పెట్టాడు. పట్టింది గాని, తియ్యాలంటే వేలితో గుంజాల్సి వచ్చింది. ఒకదాని ట్రిగ్గరు తేలిక, రెండోదానిది బిగువు. చెడ్డవని కాదు. ఉక్కు గట్టిది, గొట్టం మంచిది. ఏ ముక్కని ఏ చేయి ఆకురాయి పట్టి సర్దిందో ఆ చేతి గుణం దానిలో ఉంది. మంచి చేతికి వచ్చినది మంచిది, సోమవారం పొద్దున్న వచ్చినది సోమవారం పొద్దుటిలా ఉంది.

త్రినేత్రవి అటువి ఇటు, ఇటువి అటు మార్చాడు. మ్యాగజైన్లు, స్ప్రింగులు, పిన్నులు. ఏది ఎందులో పెట్టినా దానికోసమే పుట్టినట్టు కూర్చుంది. మీట నొక్కితే మ్యాగజైన్ జారి అరచేతిలో పడింది. పైన ముందుకీ వెనక్కీ జారే స్లైడు లోపలి అంచుల మీద గోరు పెట్టి గీకాడు. గోరు ఎక్కడా ఆగలేదు. పైపూత మాత్రం కొంచెం పల్చన. గోపాలపూరు సముద్రపు గాలికి వానాకాలంలో నూనె రాయకపోతే తుప్పు చుక్కలేస్తుంది. పట్టు కర్రది కాదు, ప్లాస్టిక్కు. చూడ్డానికి ఆట బొమ్మలా ఉంటుంది. మనవాళ్లు కొనేది చూడ్డానికే కాబట్టి అదొక లోపమే.

"అయ్యగారూ, ఇది తెప్పిద్దారండి. ధర తక్కువ, పని ఎక్కువ. దాని మొహం సూడకండి, కడుపులో సూడండి" అన్నాడు.

మూర్తిగారు నెలల తరబడి నసిగి, చివరికి నాలుగు తెప్పించారు. "ఒక్కటి ఎనక్కొచ్చిందో, మిగతా మూడూ ఎనక్కే. ఆ తరవాత కౌంటరు కాడ నీ మాట నాను ఇనను" అన్నారు. నాలుగూ నిలబడితే జిల్లాకి ఏజెన్సీ తీసుకుని, ఆ లావాదేవీ అంతా విశ్వనాథానికే వదిలేస్తానని కూడా అన్నారు.

మొదటిది నాగేంద్రప్రసాద్ కొన్నాడు. దిగపహండిలో బియ్యం మిల్లు. మూర్తిగారికి వరసకి బావమరిది. సర్కారుది తీసుకుందామని వచ్చినవాడు విశ్వనాథం మాట విని త్రినేత్ర పట్టుకెళ్లాడు.

దసరా వెళ్లిన వారంలో భార్యని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చాడు. పిస్తోలు సంచి బల్ల మీద పెట్టిన తీరులోనే తెలిసిపోయింది.

"ఏటయ్యా విశ్వనాథం" అన్నాడు. కొన్ననాడు గారూ, మీరూ ఉండేవి. "నీ కంపెనీ పేల్దు."

మూర్తిగారు గల్లాపెట్టె మీదనుంచి వంగి చూశారు. "ఏటయింది ప్రసాదూ?"

"ఏటవడం ఏటి బావా. పండగెల్లాక మిల్లుకాడ గాల్లోకి ఒకపాలి సూద్దారని ఎత్తేను. టిక్కుమంది. మళ్ళీ నొక్కేను. టిక్కు. కలాసీలంతా సూత్తన్నారు. ఒకడైతే సిగరెట్టు ఎలిగించుకుంతారేటి బాబూ అన్నాడు."

మూర్తిగారికి నవ్వొచ్చింది గాని మింగేశారు. బావమరిది నవ్వులపాలైనందుకు కాదు, సరుకు తన కొట్టుదైనందుకు.

"మాటాడవేటి?" అన్నారు విశ్వనాథంతో. "గోరెట్టి గీకి సూపించేవు గదా. ఇప్పుడు గీకు."

గోడవారగా బెంచీ మీద నాగేంద్రప్రసాద్ భార్య రామతులసి కూర్చుని ఉంది. పండగ చీరే, నలిగిపోయింది. కళ్ల కింద నల్లగా ఉంది. పెళ్లిళ్లలో మనిషిలా కాకుండా ఆసుపత్రి వరండాలో మనిషిలా కూర్చుంది. భర్త మాట్లాడుతున్నంతసేపూ సంచి వైపే చూసింది.

"లోపలికట్టుకెల్లి సూత్తానండి" అని విశ్వనాథం పిస్తోలు తీసుకుని తెర వెనక గదిలోకి వెళ్లాడు.

అక్కడొక కిటికీ, దాని కింద పనిబల్ల. మ్యాగజైన్ తీసి, తూటా లేదని చూసుకుని, వెలుతురులో పెట్టాడు. పైన గంధం, పసుపు, కుంకం. అది మామూలే. దసరా వెళ్లాక ఈ జిల్లాలో ప్రతి తుపాకీ కొత్త పెళ్లికూతురిలా వస్తుంది. పూజలో దానికి బొట్టు పెడతారు, పూలు పెడతారు, హారతి ఇస్తారు. పండగయ్యాక తుడవడం ఎవరికీ గుర్తుండదు. కుంకం పట్టిన చోట ఉక్కుని తుప్పు తింటుంది. ఆ చుక్కలు తియ్యడానికే అతనికి కార్తీకమాసమంతా సరిపోతుంది.

కానీ ఈ పిస్తోలు వెనక్కి తిప్పి సుత్తి లాగేసరికి చెయ్యి ఆగింది. ట్రిగ్గరు నొక్కితే ఆ సుత్తి వెళ్లి పిన్నుని కొట్టాలి, పిన్ను తూటాని కొట్టాలి. ఆ పిన్ను తల కనిపించాల్సిన గుంటలో గుండ్రంగా ఒక బొట్టు ఉంది. సూదితో పొడిచాడు. దిగలేదు. కుంకం పొర రాలి, అడుగున బూడిదరంగు ముద్ద గట్టిగా తగిలింది. కుళాయి కారుతుంటే రెండు రకాలు కలిపి పిసికి పెట్టే ముద్ద. గంటలో రాయవుతుంది.

అంటే త్రినేత్ర పేలకపోవడం త్రినేత్ర తప్పు కాదు. పిన్ను బాగుంది, స్ప్రింగు బాగుంది. ఇన్నాళ్లకి తన మాట నిలిచింది. ముద్ద చెక్కి ముందుకి తీసుకెళ్లి బల్ల మీద పెడితే చాలు. మూర్తిగారి నోరు మూతపడుతుంది, ఏజెన్సీ వస్తుంది. విశ్వనాథానికి చాలా రోజుల తర్వాత ఈలవేద్దామనిపించింది.

తెర కదిలింది. రామతులసి.

"మంచినీళ్లున్నాయా బాబూ?"

మూలనున్న ఫిల్టరు చూపించాడు. ఆమె గ్లాసు పట్టుకుంది గాని నీళ్లు పట్టలేదు. అతని చేతిలోని సూదిని చూసింది.

"అది తీసెత్తే మళ్ళీ పేల్తాదా?"

విశ్వనాథం సూది కింద పెట్టాడు. ఏది అని అడగలేదు. అడగనక్కర్లేదు.

"మీరే ఎట్టేరేటమ్మా?"

"ఒచ్చినోళ్లందరికీ ఆయనే సూపించేవోరు. ఇది దాన్ని కొడతాది, అది తూటాని కొడతాది అని. పూజకాడ కూకునేది నానే గదా. కుళాయి ముద్ద మిగిలుంటే ఎట్టి, పైన బొట్టెట్టేసాను." గొంతు తగ్గించింది. "గాల్లోకి కాదు బాబూ. మా మరిది గుండెకెత్తేరు. పండక్కి ముందునించీ రగుల్తన్న మిల్లు పంపకాలకాడ మాటా మాటా పెరిగి. రెండు పాల్లు నొక్కేరు."

బయట నాగేంద్రప్రసాద్ సర్కారు పిస్తోలు గొప్పదనం మూర్తిగారికి వినిపిస్తున్నాడు. ఆ గొంతు తెర ఇవతలికి స్పష్టంగా వస్తోంది.

"పోలీసులికి సెప్పకపోయారా తల్లీ?"

"సెప్తే ఇప్పుడే లోనికెల్తారు. సెప్పకపోతే ఈసారి పేలిపోయాక ఎల్తారు. మా మరిది కూడా కేసెట్టలేదు. అన్న సేత సావబోయేనని నలుగుర్లో సెప్పుకోడానికి సిగ్గు."

"మరి నన్నేటి సెయ్యమంటారు?"

"నాకేటి తెల్సు బాబూ. నాను నీళ్లకొచ్చేను."

గ్లాసు ఖాళీగానే పెట్టేసి వెళ్లిపోయింది.

విశ్వనాథం స్టూలు మీద కూర్చున్నాడు. నిజం చెబితే ఆ ఇంట్లో ఆమెకేమవుతుందో ఊహించడం కష్టం కాదు. పూజలో కుంకం పడి బిగిసిందని చెప్పి ముద్ద తీసేస్తే అందరూ సంతోషిస్తారు. పిస్తోలు చక్కగా పనిచేస్తుంది. అదే చిక్కు. ఈ కంపెనీ పిస్తోలు ఎంత చక్కగా పనిచేస్తుందో ఈ జిల్లాలో అతని కంటే బాగా తెలిసినవాడు లేడు. మూర్తిగారిని పక్కకి పిలిచి చెబుదామా అంటే, ఆయన కడుపులో మాట భోజనాల వేళదాకా కూడా ఆగదు. పైగా అవతలివాడు బావమరిది. తనే పోలీసు స్టేషనుకి వెళ్తే, మొదట అడిగేది ఆ మిల్లాసామి ఎవరి మనిషని, రెండోది నీకెందుకని.

మిగిలింది ఒక్కటే. ఆ ఒక్కటి అతని సొంతది.

ఎక్కడో ఆ ఫ్యాక్టరీలో ఈ పిన్నుని కొలిచి, నునుపు చేసి, సరిగ్గా ఉందని పక్కన పెట్టిన మనిషి ఒకడుంటాడు. అతనూ జీతానికి పనిచేసేవాడే. ఆ మనిషి చేతి పని మీద ఇప్పుడు తను ఉమ్మెయ్యాలి. అది ఆ మనిషికి ఎప్పటికీ తెలియకపోవచ్చు. తెలియనంత మాత్రాన ఉమ్మడం కాకుండా పోదు.

సుత్తి దించేశాడు. ముద్ద కనపడకుండా పోయింది. కాసేపు ఆకురాయితో ఊరికే ఇనపముక్కని గీశాడు, బయటికి వినపడేలా. తర్వాత తెర తీసుకుని ముందుకొచ్చాడు.

"సరుకులోనే ఉందండి లోపం" అన్నాడు. "పిన్ను ఉక్కు నాసి. తల మెత్తబడిపోనాది. ఇక్కడ సేసేది కాదు, కంపెనీ నుంచి పిన్ను రావాల."

మూర్తిగారు కళ్లజోడు తీశారు. శుక్లాలు ముదిరి ఆయన పిస్తోలు విప్పడం మానేసి చాలా కాలమైంది. విశ్వనాథం కళ్లతోనే చూస్తున్నారు. "నువ్వేనా ఆ మాటంతన్నది?"

"నానేనండి."

"నాను ముందే సెప్పలేదా బావా?" నాగేంద్రప్రసాద్ బల్ల మీద చరిచాడు. ముందు చెప్పిందేమీ లేదు. "సర్కారుది ఇచ్చెయ్. ఇప్పుడే అట్టుకెల్తాను."

"అట్టుకెల్డానికి వంకాయలేటయ్యా?" అన్నారు మూర్తిగారు. "లైసెన్సులో దీని నెంబరు ఎక్కిపోనాది. మార్సాలంటే మళ్ళీ ఛత్రపురం. అర్జీ, ఎంక్వయిరీ. సంకురాత్రికి అయితే నీ అదృష్టం."

"అందాకా?"

"అందాకా ఇది ఇక్కడ డిపాజిట్లో ఉంతాది. పాడైన సామాను ఇంట్లో ఎట్టుకుని ఏటి సేత్తావు, పకోడీలేయించుకుంటావా?"

నాగేంద్రప్రసాద్ మొహం గంటుపెట్టుకున్నాడు. తనకు జరిగిన అన్యాయం ఎవరి మీదైనా దించాలి. దించేలోపే రామతులసి బెంచీ మీంచి లేచింది.

"మా ఆయన్ని కలాసీల ముందు నవ్వులపాలు సేసేవు" అంది విశ్వనాథంతో, గట్టిగా, సందులో పోయేవాళ్లకి వినపడేలా. "సర్కారుది తీసుకుంతానని ఒచ్చిన మనిషిని మాటల్తో మాయ సేసి ఈ డొక్కు అంటగట్టేవు. ఇన్నేళ్లు తుపాకుల మజ్జిన కూకుని నేర్సుకున్నది ఇదేనా? సిగ్గుండాల."

ఆ కళ్లు మాత్రం అతని చొక్కా గుండీ మీద ఉన్నాయి. అక్కడినించి పైకి రాలేదు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు విశ్వనాథం.

"ఆడది, దానికి తెల్సినపాటి నీకు తెల్దు" అన్నాడు నాగేంద్రప్రసాద్. కోపం దిగింది. భార్య తన తరపున అరవడం అతనికి నచ్చింది. డిపాజిట్టు రసీదు జేబులో పెట్టుకుని, ఆమెని ముందు నడవమని, వెనకాలే బయటికెళ్లాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందని విశ్వనాథం అనుకోలేదు కూడా. అయినా వీధి మలుపుదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే మూర్తిగారు ఏజెంటుకి ఫోను చేసి, నోటికొచ్చినట్టు తిట్టి, మిగతా మూడూ వెనక్కి తీసుకుపొమ్మన్నారు. ఫోను పెట్టాక విశ్వనాథం వైపు తిరిగారు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నీ మాట మీద పరువెట్టేను. నాది తప్పు. రేపట్నించి ఎనకగదిలో రిపేర్లు సూసుకో. కౌంటరు నాను సూసుకుంతాను."

"అలాగేనండి."

"అసలు ముందే ఎలా తెల్లేదయ్యా నీకు? గోరెట్టి గీకేవు గదా."

"గోరుకి అందే లోపం కాదండి" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

మాట అతనికంటే ముందే ఊళ్లోకి చేరిపోయింది. కూరలకెళ్లిన భార్య సాయిపద్మ సంచి దింపుతూనే అడిగింది. "కంపెనీవోలు మిమ్మల్ని బాగా మోసం సేసేరటగా?"

"ఆఁ."

"మీకు తెల్లేదా?"

అతను కాళ్లు కడుక్కుంటున్నాడు. చెబితే ఊరట. సాయిపద్మ చెడ్డమనిషి కాదు. మొగుణ్ని ఎవరైనా తేలిక చేసి మాట్లాడితే ఊరుకోలేదు, అదే ఆవిడ గుణం. రేపు కుళాయి దగ్గర ఎవరో ఒక మాట అంటారు, ఈవిడ అసలు సంగతి విప్పుతుంది. వారం తిరక్కుండా దిగపహండి చేరుతుంది.

"వయసైపోతంది పద్మా" అన్నాడు. "సూపు ఆనట్లేదు."

మర్నాడు పొద్దున్న ఆమె టీ గ్లాసు ఇచ్చేటప్పుడు, కనపడదేమోనని అతని చెయ్యి పట్టుకునే పెట్టింది.

ఇప్పుడు నాగేంద్రప్రసాద్ పిస్తోలు ఇనప బీరువాలో ఉంది. ముద్ద అలాగే ఉంది. కంపెనీ నుంచి పిన్ను ఇంకా రాలేదని విశ్వనాథం చెబుతాడు. పంపమని అతను ఎవరికీ రాయనే లేదు. సర్కారుదాని కోసం పెట్టిన అర్జీ ఛత్రపురంలో ఏ బల్ల మీదుందో ఆ బల్లకే తెలుసు. మన ఆఫీసుల బద్ధకం మీద మొదటిసారి అతనికి ఆశ పుట్టింది. అన్నదమ్ములిద్దరూ మిల్లు మీద కోర్టుకెళ్లారని విన్నాడు. కోర్టు మంచిదే. అక్కడ ఏళ్లు తిరిగితే మనుషులు అలిసిపోతారు. అలిసిపోయినవాడికి చెయ్యి ఎత్తే ఓపిక ఉండదని అతనికి సొంత అనుభవం.

వెనక గదిలో కూర్చుని చికిటి వైపు రైతుల డబుల్ బారెల్ తుపాకులకి తుప్పు తీస్తుంటాడు. తెర అవతల మాటలు వినపడుతూనే ఉంటాయి. మొన్న జీడిపప్పు వ్యాపారి ఒకాయన వచ్చాడు. కొత్త లైసెన్సు. మూర్తిగారు రెండు సర్కారు పిస్తోళ్లు తీసి బల్ల మీద పెట్టారు. విశ్వనాథం ముందు రోజే ఆ రెండింటికీ నూనె పెట్టాడు. ఒకటి మంచి చేతిది. రెండోదాని మ్యాగజైన్ బిగుసుకుంటుంది. తెర సందులోంచి చూశాడు, తీసుకోవాల్సింది ఎడమవైపుది.

"ఈ కుడేపుది తీసుకోండి" అంటున్నారు మూర్తిగారు. "సూడండి, మ్యాగజైను ఎంత బిగువుగా ఉందో. సర్కారు ఉక్కంటే అదీ. జారిపోయేది కాదు."

"లోపలాయనెవరో ఉండాల గదా" అన్నాడు వ్యాపారి. "విశ్వనాథం గారని. ఆయన్ని అడిగి తీసుకోమన్నారు మావోలు."

"ఆయనా? ఆయనకి రిపేర్లే తెల్సు. సరుకు తెల్దు."

విశ్వనాథం లేవబోయి, స్టూలు అంచు పట్టుకుని, మళ్లీ కూర్చున్నాడు. గొట్టం తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని లోపలికి చూశాడు. చివర్న ఇంకా కొంచెం తుప్పుంది. నూనె గుడ్డ ఇంకోటి చుట్టి లోపలికి తోశాడు.